యాక్-7: ట్రైనర్‌కి తుపాకులు కడితే ఫైటర్ అయిపోతుందా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్లు ఒక ట్రైనర్ విమానాన్నే ఫైటర్‌గా మార్చి వేల సంఖ్యలో తయారుచేశారని చదివాను. విమానాలు చాలక గతిలేక చేసిన పనా? అలాంటిది జర్మన్ మెస్సర్‌ష్మిట్ ఫైటర్ల ముందు ఎలా నిలబడింది? మన వైమానిక దళపు కిరణ్ లాంటి జెట్ ట్రైనర్‌ని కూడా అలా మార్చొచ్చా?

సమాధానం:

మీరు చదివింది నిజమే. ఆ విమానం పేరు యాక్-7. అన్ని రకాలూ కలిపి 6,399 తయారయ్యాయి. కాకపోతే "గతిలేక" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. 1941లో సోవియట్ వైమానిక దళం గతిలేక చేసిన పనులు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి కింద చెబుతాను. యాక్-7ని ఆ లెక్కలో వేయలేం. నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ (అంటే ఇంజిన్ కాకుండా విమానం ఒళ్లు) పని చేసి రిటైరైనవాణ్ణి. ట్రైనర్ల పొట్ట కింద పాకి, వెనక సీటు విప్పి, మళ్లీ బిగించి బతికినవాణ్ణి. ఆ కంటితో చూస్తే యాక్-7 గొప్పతనమంతా వెనక సీటు తీసేశాక మిగిలిన ఖాళీలో ఉంది.

ట్రైనర్ అనగానే కొత్త కుర్రాళ్లు మొదటిసారి ఎక్కే నెమ్మది విమానం మనసులో మెదులుతుంది. యాక్-7కి మూలమైన ట్రైనర్ అలాంటిది కాదు, అది పుట్టిందే ఫైటర్ నుంచి. అలెగ్జాండర్ యాకొవ్లెవ్ 1930లలో క్రీడా విమానాలూ శిక్షణ విమానాలూ చేసి పేరు తెచ్చుకున్నాడు. యూటీ-1, యూటీ-2 ఆయనవే. ఆయన చేసిన మొదటి ఫైటర్ ఐ-26 1940 జనవరి 13న ఎగిరింది. నడిపింది యూలియన్ పియొంత్‌కోవ్‌స్కీ. ఏప్రిల్ 27న అదే విమానం కూలి ఆయన చనిపోయాడు. అయినా డిజైన్ ఆగలేదు, అదే తరవాత యాక్-1 అయింది.

అప్పుడే ఇంకో చిక్కు కూడా ఉంది. వంద హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటుగా ఉండే యూటీ-2 మీద నేర్చుకున్న కుర్రాణ్ణి ఒక్కసారిగా 1,050 హార్స్‌పవర్ ఇంజిన్ వెనక, అదీ ఒంటరిగా, కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టేకాఫ్‌లోనే పక్కకి లాగేస్తుంది, దిగేటప్పుడు వేగం ఎంత ఉంచాలో చెప్పేవాడు ఉండడు. పాత ఐ-16 ఫైటర్‌కి ఇందుకోసమే యూటీఐ-4 అనే రెండు సీట్ల రకం ఉండేది. కొత్త ఫైటర్‌కీ అలాంటిది కావాలి. అలా వచ్చింది యూటీఐ-26. 1940 జూలైలో ఎగిరింది. ఇంజిన్ అదే, ఎత్తుకునే చక్రాలు అవే, స్టీలు గొట్టాలు వెల్డింగ్ చేసిన శరీరం అదే, చెక్క రెక్క అదే. వెనక ఇన్‌స్ట్రక్టర్ సీటు, అతనికో స్టిక్, పెడల్స్ వచ్చి చేరాయి. దీన్నే యాక్-7యూటీఐ పేరుతో ఉత్పత్తికి ఇచ్చారు.

ఇచ్చిన చోటు కూడా గమనించండి. మాస్కో పక్కన ఖిమ్కీలోని 301వ నంబరు ఫ్యాక్టరీ. అది మొదట ఫర్నిచర్ ఫ్యాక్టరీ, తరవాత విమానాలకి మళ్లించారు. ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, ప్లైవుడ్, జిగురు, చెక్క స్పార్‌లతో (రెక్క పొడవునా బరువు మోసే దూలాలు) రెక్కలు కట్టే పనికి మంచి వడ్రంగుల కన్నా ఎవరు కావాలి? ఫ్యాక్టరీలో వరసగా చేసిన ట్రైనర్లు 1941 మే నుంచి బయటికి రావడం మొదలైంది. ఇంకో నెలకి యుద్ధం వచ్చిపడింది.

అసలు మలుపు ఇక్కడే. ఆ ఫ్యాక్టరీలో యాకొవ్లెవ్ తరఫున ఉన్న డిజైనర్ల బృందానికి సినెల్‌షికోవ్ పెద్ద. పైనుంచి ఆర్డర్ ఏమీ రాకుండానే వీళ్లు ఒక ట్రైనర్‌ని తీసుకుని వెనక కాక్‌పిట్‌లోని కంట్రోల్స్ పీకేశారు. పైలట్ వీపు వెనక కవచం పెట్టారు. ఇంధన ట్యాంకులకి తూటా తగిలితే వాటంతటవే మూసుకుపోయే పూత వేశారు. ఇంజిన్ రెండు సిలిండర్ వరసల మధ్య నుంచి, ప్రొపెల్లర్ మధ్యలోంచి కాల్చే 20 మి.మీ. ష్వాక్ ఫిరంగి ఒకటి, పైన రెండు 7.62 మి.మీ. ష్కాస్ మెషిన్‌గన్‌లు, రెక్కల కింద ఆరు ఆర్‌ఎస్-82 రాకెట్లు బిగించారు. మొదట్లో యాకొవ్లెవ్‌కి ఇది నచ్చలేదు. తన ఫైటర్ యాక్-1 ఉండగా ఇంకోటి దేనికని కావచ్చు. విమానం చూశాక మనసు మార్చుకుని ఆయనే దాన్ని పైకి తీసుకెళ్లాడు. 1941 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వ రక్షణ కమిటీ ఉత్పత్తికి ఆదేశం ఇచ్చింది.

ఆయన మనసు ఎందుకు మారిందో అర్థం కావాలంటే హ్యాంగర్ లోంచి చూడాలి. ట్రైనర్‌ని చేసేటప్పుడు డిజైనర్ ఒకటి గుర్తుపెట్టుకుంటాడు: దీన్ని రోజుకి చాలాసార్లు ఎగరేస్తారు, మొరటుగా దింపుతారు, ప్రతి సాయంత్రం ఎవడో ఒకడు కవర్లు విప్పాలి. అందుకని యాక్-7 చక్రాలు యాక్-1 చక్రాల కన్నా పెద్దవి. బురద, మంచు ఉన్న పొలం లాంటి ఎయిర్‌ఫీల్డ్‌లో అది ఎంత తేడా తెస్తుందో పనిచేసినవాళ్లకి తెలుసు. ఇంజిన్ దగ్గరికి చేయి పెట్టడమూ తేలిక. యుద్ధంలో విమానం ఎంత వేగంగా పోతుందన్నది ఎంత ముఖ్యమో, రేపు పొద్దున్నకి ఎన్ని సిద్ధంగా ఉంటాయన్నదీ అంతే ముఖ్యం. పుస్తకాల పట్టికల్లో రెండోది కనిపించదు.

ఇక ఆ వెనక సీటు. పూర్తిగా మూసేసి శరీరం సన్నగా చేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. వాళ్లు అలాగే వదిలేశారు. అద్దెకివ్వని వెనక గది ఇంట్లో ఎన్నిటికి పనికొస్తుందో అన్నిటికీ పనికొచ్చింది. రెజిమెంట్ ఒక ఫీల్డ్ నుంచి ఇంకో ఫీల్డ్‌కి మారుతుంటే మెకానిక్‌ని అందులో కూర్చోబెట్టుకుని పోయేవారు. విమానాలు ముందే చేరిపోయి, మెకానిక్‌లు రెండు రోజుల తరవాత లారీల్లో చేరితే ఆ రెండు రోజులూ విమానాలు నేల మీద బొమ్మలే. అది తప్పింది. సామాన్లు వేసుకోవచ్చు. అదనపు ఇంధన ట్యాంకు కూడా పెట్టి చూశారు గానీ అది పైలట్లకి నచ్చలేదు. వెనక బరువు పెరిగితే సీజీ (విమానం బరువు తూగే కేంద్రం) వెనక్కి జరిగి విమానం ముక్కు ఎక్కడ పెడితే అక్కడ నిలవదు, పైగా వీపు వెనక పెట్రోలు పెట్టుకుని ఫైట్‌కి పోవడం ఎవడికి ఇష్టం? యాక్-7ఏ నుంచి ఆ వెనక అద్దం బదులు తెరిచి మూసే ప్లైవుడ్ మూత వచ్చింది. చివరి యాక్-7బీలలో ఆ వీపు తగ్గించి పైలట్‌కి అన్ని వైపులా కనిపించే అద్దపు పందిరి పెట్టారు. ఫొటోల్లో యాక్-7 రకాలు పోల్చుకోవాలంటే ముందు పైలట్ వెనక భాగం చూడండి.

మరి మెస్సర్‌ష్మిట్‌ల ముందు? ఉన్నదున్నట్టు చెప్పాలంటే 1941–42లో వెనకబడే ఉంది. మొదటి యాక్-7లు 62 మాత్రమే వచ్చాయి, గంటకి 560 కి.మీ. దరిదాపుల్లో పోయేవి. అది అప్పటి మెస్సర్‌ష్మిట్ రకం బీఎఫ్ 109ఎఫ్ కన్నా తక్కువ. యాక్-1 కన్నా కాస్త బరువు కూడా. ఎత్తుకు ఎక్కడంలో జర్మన్ విమానానిదే పైచేయి. 1942లో యాక్-7బీకి ఎం-105పీఎఫ్ ఇంజిన్ వేశాక పరిస్థితి కొంత మారింది. అదే ఇంజిన్‌లో బూస్ట్ ప్రెషర్ (సిలిండర్లలోకి గాలిని తోసే ఒత్తిడి) పాదరసం లెక్కలో 910 మి.మీ. నుంచి 1,050 మి.మీ.కి పెంచారు. పైఎత్తుల్లో కొంత పోయింది, కింద బలం వచ్చింది. తూర్పు ఫ్రంట్‌లో పోరాటాలు ఎక్కువగా కిందే జరిగేవి కాబట్టి ఇది లాభసాటి బేరమే. రెండు ష్కాస్‌ల బదులు రెండు 12.7 మి.మీ. మెషిన్‌గన్‌లు వచ్చాయి. ఒక సెకనులో విసిరే లోహం బరువు బాగా పెరిగింది. ఒక్క యాక్-7బీ రకమే 5,120 తయారయ్యాయి. స్టాలిన్‌గ్రాడ్ మీద 1942 వేసవిలో ఇవాన్ క్లెష్చోవ్ నాయకత్వంలోని 434వ ఫైటర్ రెజిమెంట్ వీటితోనే పోరాడింది. మహిళల 586వ ఫైటర్ రెజిమెంట్‌కీ యాక్-7బీలు ఉండేవి.

లోపాలు దాచను. ఆయిల్ కారి ముందు అద్దం మీద చిమ్మేది. అద్దం కొన్నాళ్లకే పసుపెక్కి మసకబారేది. వేగంలో పందిరి తెరుచుకోదేమోనన్న టెన్షన్‌తో చాలామంది పైలట్లు దాన్ని తెరిచి ఉంచే ఎగిరేవారు, దాంతో ఉన్న వేగం కూడా కొంత పోయేది. ఇవి యాక్‌లన్నిటికీ ఉన్న జబ్బులే, ట్రైనర్ నుంచి వచ్చినందుకు వచ్చినవి కావు. చెక్క రెక్కకి ఇంకో జబ్బు ఉంది. 1943 జూన్‌లో, కుర్స్క్ యుద్ధానికి ముందు, యాక్‌ల రెక్కల మీద గుడ్డ, ప్లైవుడ్ పొర గాల్లో లేచిపోవడం మొదలైంది. రంగు, లక్క సరుకు నాసిరకం. ఎండకీ వానకీ చెక్కని కాపాడలేక పగుళ్లిచ్చింది. స్టాలిన్ యాకొవ్లెవ్‌నీ ఆయన తోటి డిప్యూటీ మంత్రి దెమెంత్యెవ్‌నీ పిలిపించి గట్టిగా నిలదీశాడు. ఫ్యాక్టరీల నుంచి జట్లని ఫ్రంట్ ఎయిర్‌ఫీల్డ్‌లకి పంపి, రెక్కలు అక్కడికక్కడే అతికించి, రంగులు వేయించి వారాల్లో బాగుచేశారు. మా రోజుల్లో కూడా పెయింట్ పనంటే చిన్నచూపు ఉండేది. అలాంటివాళ్లకి ఈ కథ చెప్పేవాణ్ణి.

ఫ్యాక్టరీల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే యాక్-7 సంఖ్య అంత పెరగడానికి అదే కారణం. 1941 అక్టోబరులో ఖిమ్కీ ఫ్యాక్టరీని నోవోసిబిర్స్క్‌కి తరలించి అక్కడి 153వ ఫ్యాక్టరీలో కలిపారు. అక్కడ అప్పటిదాకా లావొచ్‌కిన్ అనే ఇంకో డిజైనర్ బృందం గీసిన లాగ్-3 ఫైటర్ తయారవుతోంది. దాన్ని ఆపి యాక్-7 పెట్టారు. లావొచ్‌కిన్ బృందం తరవాత త్బిలిసీకి మారాల్సి వచ్చింది. గోర్కీలోని 21వ ఫ్యాక్టరీని కూడా యాక్-7కి మార్చాలని నిర్ణయమైంది, ఓ అయిదు విమానాలు తయారయ్యాయి కూడా. ఇంతలో లావొచ్‌కిన్ తన విమానానికి రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చుట్టూ చక్రంలా ఉండేది) పెట్టి లా-5 చేసి చూపించాడు. అది అద్భుతంగా ఎగిరింది, ఆ ఫ్యాక్టరీ ఆయనకే మిగిలింది. యాక్-7 ఒత్తిడి లేకపోతే లా-5 అంత తొందరగా వచ్చేదా అన్నది నా అనుమానం. యాకొవ్లెవ్ అప్పుడు డిజైనర్‌తో పాటు విమాన పరిశ్రమ డిప్యూటీ మంత్రి కూడా కాబట్టి, ఈ నిర్ణయాల్లో పక్షపాతం లేదని నేను చెప్పలేను.

తరవాత జరిగింది ఇంకా పెద్ద కథ. యాక్-7లో చెక్క స్పార్‌ల బదులు డ్యూరాలుమిన్ (అల్యూమినియం మిశ్రలోహం) స్పార్‌లు వేసి యాక్-7డీఐ అనే దూరప్రయాణపు రకం చేశారు. లోహపు స్పార్ చెక్క దానికన్నా సన్నం. అందుకని రెక్కలో జాగా మిగిలింది, బరువూ తగ్గింది. ఆ మిగులుతో ఎక్కువ ఇంధనం పట్టింది. అదే కొద్ది మార్పులతో యాక్-9 అయింది. 1942 అక్టోబరులో ఉత్పత్తి మొదలై, ఆ ఏడాది చివర్లో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర యుద్ధంలోకి దిగింది. 1948 దాకా 16,769 వచ్చాయి. సోవియట్ ఫైటర్లలో ఇంత పెద్ద సంఖ్య అరుదు.

యాక్-9లో మన పాత వెనక గది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 37 మి.మీ. ఫిరంగి పెట్టిన యాక్-9టీ చూడండి. అంత పొడవు ఫిరంగి ఇంజిన్ వెనక దాకా వస్తుంది, పైలట్ కాళ్ల మధ్యకి. దానికి చోటు చేయాలంటే పైలట్‌ని 400 మి.మీ. వెనక్కి జరపాలి. ఒంటి సీటు ఫైటర్‌గా గీసుకున్న విమానంలో ఇలా జరిపితే సీజీ లెక్కలన్నీ మొదటి నుంచి చేయాలి, శరీరం కొత్తగా గీయాలి. ఇక్కడ వెనక మనిషి బరువు మోయడానికి మొదటి నుంచే లెక్క కట్టి ఉంది. ఈ ప్రయోగం ముందు యాక్-7 మీదే 1942లో చిన్న బ్యాచ్‌గా చేసి చూశారు. యాక్-9టీ 2,700కి పైగా వచ్చాయి. ఆ ఫిరంగితో పొడుగాటి బర్స్ట్ కాలిస్తే గురి చెదిరేది, వేగం పడిపోయేది, అందుకని ఒకటి రెండు, మహా అయితే మూడు గుండ్లతో ఆపమని పైలట్లకి నేర్పేవారు. ఒక గుండు చాలు, బాంబర్ రెక్క ఊడేది.

యాక్-9బీ ఇంకా విచిత్రం. కాక్‌పిట్ వెనక, అంటే ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే చోట, నాలుగు గొట్టాలు నిలువుగా పెట్టి, వంద కిలోల బాంబులు నాలుగు దింపారు. కొద్దిగానే చేశారు. యాక్-9డీడీ అయితే రెండు వేల కిలోమీటర్ల పైన పోయేది. 1944 ఆగస్టులో పన్నెండు యాక్-9డీడీలు ఇటలీలోని బారీకి చేరి, యుగోస్లావియా గెరిల్లాలకి సామాన్లు తీసుకెళ్లే రవాణా విమానాలకి తోడుగా ఎగిరాయి.

ట్రైనర్ పని కూడా ఆగలేదని చెప్పాలి. 1942 నుంచి చక్రాలు ఎత్తకుండా స్థిరంగా ఉంచిన యాక్-7వీ అనే చౌక రకం చేశారు. నేర్చుకునే కుర్రాడి చేతిలో చక్రాల లాక్‌లు ఎన్నిసార్లు విరుగుతాయో ఆలోచించి చేసిన తెలివైన పని. సోవియట్ల పక్షాన పోరాడిన నార్మండీ స్క్వాడ్రన్‌లోని ఫ్రెంచి పైలట్లు ఇవనోవోలో యాక్‌లకి అలవాటు పడింది ఇలాంటి వాటి మీదే.

ఇక గతిలేక చేసిన పని అన్నాను కదా, అది యూటీ-1ది. యాకొవ్లెవ్‌దే, ఒంటి సీటు, 100–150 హార్స్‌పవర్ మధ్య ఇంజిన్, పల్టీలు కొట్టడం నేర్పే చిన్న విమానం. 1941–42లో నల్లసముద్రం వైపు కొన్ని డజన్ల యూటీ-1లకి ష్కాస్ మెషిన్‌గన్‌లు, ఆర్‌ఎస్-82 రాకెట్లు తగిలించి ఫ్రంట్‌కి పంపారు. ఎవరూ వీటిని ఫైటర్లనుకోలేదు, నేల మీది లక్ష్యాల మీదికే వాడారు. పైలట్ ధైర్యం తప్ప దానికి వేరే కవచం లేదు. యాక్-7నీ దీన్నీ ఒకే గాటన కట్టేవాళ్ల మీద నాకు కోపం అందుకే.

ఇంకో దేశంలోనూ ఈ దారి తొక్కారు. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక ఆస్ట్రేలియా తన విర్రవే ట్రైనర్ భాగాలతో బూమరాంగ్ అనే ఫైటర్ కట్టింది. అక్కడ మూల ట్రైనర్‌కి 600 హార్స్‌పవర్, ఫైటర్‌కి దొరికిన ఇంజిన్ 1,200. శరీరాన్ని ఆ ఇంజిన్‌కి తగ్గట్టు కుదించి గీశారు. 250 వచ్చాయి. గట్టిగా ఉండేది, చేతికి ఒదిగేది, వేగం మాత్రం లేదు. గాల్లో శత్రు విమానాన్ని కూల్చినట్టు ధ్రువపడిన ఘటన ఒక్కటీ లేదు. న్యూగినీ అడవుల మీద సైన్యానికి తోడుగా మాత్రం చాలా బాగా పనిచేసింది. యాక్-7తో తేడా ఎక్కడో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది: ఒకటి ఫైటర్ నుంచి వచ్చిన ట్రైనర్, రెండోది నెమ్మది విమానాల వంశంలోంచి వచ్చిన ట్రైనర్.

కిరణ్ గురించి అడిగారు. కిరణ్ మార్క్-2లో తుపాకులు, రెక్కల కింద నాలుగు చోట్ల రాకెట్లు, బాంబులు తగిలించే ఏర్పాటు ఉండేది. ఆయుధాలు వాడడం నేర్పడానికీ, అవసరమైతే తేలికపాటి దాడికీ అది సరిపోతుంది. ఫైటర్‌గా మార్చడం వేరే సంగతి. కిరణ్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. నేర్పడానికి అది చాలా మంచిది, ఇన్‌స్ట్రక్టర్ శిష్యుడి చేతులు కళ్లారా చూస్తుంటాడు. కానీ ఒక సీటు తీసేస్తే మీకు మిగిలేది పక్కన ఖాళీ, వెనక కాదు. ఫిరంగి కోసం పైలట్‌ని వెనక్కి జరపడానికి అది పనికిరాదు, బాంబు గొట్టాలు దింపడానికీ పనికిరాదు. ఆ వెడల్పు ముక్కు మాత్రం అలాగే ఉండి గాలికి అడ్డం పడుతూనే ఉంటుంది. ఇంజిన్ ఎంత మార్చినా ఆ ముక్కు మార్చకుండా వేగం రాదు, ముక్కు మారిస్తే అది కిరణ్ కాదు, కొత్త విమానం కిందే లెక్క.